మనవాడికి ఒక తూకం, పరాయివాడికి ఒక తూకం

2005 డిసెంబరు 23వ తేదీన లోక్‌సభ తన సభ్యులలో పదిమందిని, రాజ్యసభ తన సభ్యులలో ఒకరిని బహిష్కరించాయి. సభలో ప్రశ్నలు అడగడానికి డబ్బు పుచ్చుకున్నారన్నది వారిపై అభియోగం. అంతకు పదకొండు రోజుల ముందు, రహస్య కెమెరాకు చిక్కిన ఆ దృశ్యాలను దేశమంతా టెలివిజన్‌లో చూసింది. పుచ్చుకున్న సొమ్ము పెద్దదేమీ కాదు. 15 వేల రూపాయల నుండి లక్షా 10 వేల రూపాయల వరకు. కోట్ల లెక్కలు వినడానికి అలవాటుపడిన మన చెవులకు ఆ అంకెలు నవ్వు తెప్పించవచ్చు. లక్షలాది ప్రజల తరఫున మాట్లాడవలసిన నోటికి ఒక ధర ఉందని తేలడమే అక్కడ అసలు విషయం.

ఆ పదకొండుమందిలో ఆరుగురు భారతీయ జనతా పార్టీవారు, ముగ్గురు బహుజన్ సమాజ్ పార్టీవారు, ఒకరు రాష్ట్రీయ జనతాదళ్, ఒకరు అప్పటి అధికారపక్షమైన కాంగ్రెస్. పవన్ కుమార్ బన్సల్ అధ్యక్షతన ఏర్పడిన ఐదుగురు సభ్యుల కమిటీ బహిష్కరణను సిఫారసు చేసింది. కమిటీలోని బీజేపీ సభ్యుడు విజయ్ కుమార్ మల్హోత్రా అసమ్మతి తెలిపారు. తీర్మానం సభకు వచ్చిన రోజున బీజేపీ సభ్యులు వాకౌట్ చేశారు. శిక్ష నేరానికి మించినదని ప్రతిపక్ష నాయకుడు ఆద్వానీ వాదించారు.

పద్దెనిమిది సంవత్సరాలు గడిచాయి. 2023 డిసెంబరు 8న అదే లోక్‌సభ తృణమూల్ కాంగ్రెస్ సభ్యురాలు మహువా మొయిత్రాను బహిష్కరించింది. ఒక వ్యాపారవేత్త ప్రయోజనాల కోసం ప్రశ్నలు అడిగారని, పార్లమెంటు వెబ్‌సైటులోని తన లాగిన్ వివరాలను అతనికి ఇచ్చారని అభియోగం. ఫిర్యాదు చేసినవారు బీజేపీ సభ్యుడు. డబ్బు పుచ్చుకున్నాననడాన్ని ఆమె ఖండించారు; లాగిన్ ఇచ్చిన మాటను ఒప్పుకున్నారు. నైతిక విలువల కమిటీ ఆరుగురు ఒకవైపు, నలుగురు మరొకవైపు నిలిచి నివేదికను ఆమోదించింది. నివేదిక సభ ముందుకు వచ్చిన రోజే తీర్మానమూ ఆమోదం పొందింది. చదువుకోవడానికి నాలుగు రోజుల వ్యవధి ఇవ్వమని కాంగ్రెస్ తదితర ప్రతిపక్షాలు అడిగాయి, శిక్ష నేరానికి మించినదన్నాయి, వాకౌట్ చేశాయి. ఆమెను మాట్లాడనివ్వమన్నప్పుడు, 2005లో స్పీకర్ సోమనాథ్ ఛటర్జీ ఆ పదిమందికి సభలో మాట్లాడే అవకాశం ఇవ్వలేదు కదా అని అధికారపక్షం గుర్తుచేసింది. ఆనాడు తాము తప్పుపట్టిన వ్యవహారమే ఈనాడు వారికి ఆధారమయింది.

ఈ రెండు వ్యవహారాలు ఒకటేనని నేననను. మొదటిదానిలో నోట్లు చేతులు మారడాన్ని కళ్లారా చూశాము. రెండవదానిలో అటువంటి దృశ్యమేదీ లేదు. సభ్యులను బహిష్కరించే అధికారం పార్లమెంటుకు ఉందని సుప్రీంకోర్టు 2007లో నలుగురు న్యాయమూర్తుల ఆధిక్యంతో తీర్పు కూడా ఇచ్చింది. కనుక న్యాయంగా వాదించేవారికి వాదించడానికి అక్కడ చాలా ఉంది. కానీ ఆ వాదనలు ఎవరి నోట వెలువడ్డాయో గమనించండి. 2005లో తొందరపాటు అన్నవారు 2023లో తొందరపడ్డారు. 2005లో తొందరపడినవారు 2023లో తొందరపాటు అన్నారు. ఏ వాదన ఎవరికి ఒప్పుగా తోచిందో తెలుసుకోవడానికి చట్టాన్ని చదవనక్కరలేదు. ఆ రోజు వారు సభలో ఏ వైపు కూర్చున్నారో చూస్తే చాలు.

దివ్య ఖుర్‌ఆన్‌లోని అల్ ముతఫ్ఫిఫీన్ సూరా, తాము తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని ఇతరులకు కొలిచి ఇచ్చేటప్పుడు తగ్గించేవారిని తీవ్రంగా హెచ్చరిస్తుంది. మనం దీనిని సాధారణంగా అంగడివారికి వర్తింపజేసి ఊరుకుంటాము. బియ్యం తూచే త్రాసుకన్నా మనుషులను తూచే త్రాసు చిన్నదా? తన పార్టీ మనిషి తప్పుచేస్తే నూటికి నూరు సాక్ష్యాలు కావాలి. ఎదుటి పార్టీ మనిషి విషయంలో ఒక పుకారు చాలు. ఇదీ తూకంలో మోసమే.

ఈ త్రాసును సరిగా పట్టుకున్న సందర్భాలు మన పార్లమెంటు చరిత్రలో లేకపోలేదు. 1951లో, మొదటి సార్వత్రిక ఎన్నికలకు ముందటి తాత్కాలిక పార్లమెంటులో, హెచ్.జి. ముద్గల్ అనే కాంగ్రెస్ సభ్యుడు బొంబాయి బులియన్ వర్తకుల సంఘం నుండి డబ్బు తీసుకుని వారి తరఫున సభలో ప్రశ్నలు వేశాడన్న ఆరోపణ వచ్చింది. విచారణ కమిటీ వేయాలన్న తీర్మానాన్ని ప్రతిపక్షం ప్రవేశపెట్టలేదు. ప్రధానమంత్రి నెహ్రూ తానే, తన పార్టీ సభ్యునిపై ప్రవేశపెట్టారు. టి.టి. కృష్ణమాచారి అధ్యక్షులుగా ఏర్పడిన ఆ ఐదుగురి కమిటీలో మనకు తెలిసిన పేర్లున్నాయి. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి ఒకరు. తరువాత దేశ్‌ముఖ్ అయిన ఆమెనే ఆంధ్ర మహిళా సభ ద్వారా మనవారు ఎరుగుదురు. తరువాత హైదరాబాద్ రాష్ట్ర శాసనసభకు స్పీకర్‌గా ఉన్న కాశీనాథరావు వైద్య ఒకరు. బెంగాల్ శాసనసభకు స్పీకర్‌గా పనిచేసిన సయ్యద్ నౌషేర్ అలీ ఒకరు. ఆర్థికవేత్త కె.టి. షా ఒకరు. ముద్గల్ ప్రవర్తన సభ గౌరవానికి భంగకరమని వారు తేల్చారు. బహిష్కరణ తీర్మానంపై చర్చ జరుగుతుండగా అతడు రాజీనామా ఇచ్చాడు. రాజీనామా ఇచ్చాడు కదా, ఇక విడిచిపెడదామని సభ అనలేదు. అతడు బహిష్కరణకు అర్హుడేనని తీర్మానించి మరీ ముగించింది.

ఆరేళ్ల తరువాత ఇంకొక సంఘటన జరిగింది. కొత్తగా ఏర్పడిన జీవిత బీమా సంస్థ 1957లో హరిదాస్ ముంద్రా అనే కలకత్తా వ్యాపారికి చెందిన ఆరు కంపెనీలలో దాదాపు కోటీ పాతిక లక్షల రూపాయల వాటాలు కొన్నది. ఆ కంపెనీల పరిస్థితి బాగులేదని తెలిసినవారికి తెలుసు. అది ఎవరి సొమ్ము? తాము పోయాక పిల్లలు వీధిన పడకూడదని నెలనెలా ప్రీమియం కట్టిన గుమస్తాలది, ఉపాధ్యాయులది. అంటే అమానత్. లోక్‌సభలో ఆ విషయాన్ని లేవనెత్తినది ఫిరోజ్ గాంధీ. ఆయన అధికారపక్షమైన కాంగ్రెస్ సభ్యుడు. పైగా ప్రధానమంత్రికి అల్లుడు. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా ప్రజల ఎదుట బహిరంగంగా విచారణ జరిపి కొద్ది వారాలలో ముగించారు. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి రాజీనామా చేశారు. ఆ ఆర్థికమంత్రి, 1951లో ముద్గల్‌పై తీర్పు చెప్పిన కమిటీకి అధ్యక్షత వహించిన కృష్ణమాచారియే.

అన్నిసా సూరా 135వ ఆయత్ విశ్వాసులను న్యాయం కోసం సాక్షులుగా నిలబడమంటుంది. ఆ సాక్ష్యం తమకే వ్యతిరేకమైనా, తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా సరే. ఫిరోజ్ గాంధీ ముస్లిం కాడు, పార్సీ. ఆ ఆయత్ బోధించిన పని మాత్రం ఆయన చేశాడు. న్యాయం ఎవరి చేత జరిగినా దానిని న్యాయమని ఒప్పుకోవడం కూడా సరైన తూకంలో భాగమే.

అలాగని ఆ తరాన్ని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. నెహ్రూకు ఆప్తుడైన కృష్ణమీనన్ లండన్‌లో హైకమిషనర్‌గా ఉన్నప్పుడు, 1948లో, సైన్యం కోసం జీపుల కొనుగోలు వ్యవహారం పెద్ద దుమారం రేపింది. ప్రభుత్వం 1955లో ఆ విషయం ముగిసిపోయిందన్నది. మరుసటి ఏడాది ఆయనను మంత్రివర్గంలోకి తీసుకున్నది. కృష్ణమాచారి కూడా 1962లో మంత్రివర్గంలోకి తిరిగివచ్చారు. అండదండలు లేని ముద్గల్‌కు ఒక న్యాయం, ప్రధానికి దగ్గరి మనిషికి ఒక న్యాయం. మఖ్జూమ్ తెగకు చెందిన స్త్రీ దొంగతనం హదీసు మనం ఎన్నో ఖుత్బాలలో విన్నాము. గొప్పింటి ఆడబిడ్డ గదా, శిక్ష తప్పించమని సిఫారసు వచ్చినప్పుడు, మునుపటి జాతులు నాశనమైనది గొప్పవారిని వదిలి బలహీనులను శిక్షించినందుకేనని దైవప్రవక్త ముహమ్మద్ (స) సెలవిచ్చారు. తన కుమార్తె ఫాతిమా (రజి) ఆ పని చేసినా తీర్పు మారదన్నారు. మంచి పేరున్న పాలకుడు కూడా ఎక్కడ జారుతాడో ఆ హదీసు చూపిస్తుంది.

అయితే ఈ విషయంలో నాకు అన్నిటికన్నా దగ్గరగా తోచేది అన్నిసా సూరాలోనే 105వ ఆయత్‌తో మొదలయ్యే భాగం. తఫ్సీర్ పాఠంలో ఆ చోటికి వచ్చినప్పుడు విద్యార్థులు పుస్తకం నుండి తలెత్తి చూస్తారు. మదీనాలో ఒక ఇంటికి కన్నం వేసి ఎవరో పిండిని, కవచాన్ని ఎత్తుకుపోయారు. అనుమానం బనూ ఉబైరిక్ కుటుంబంమీదికి పోయింది. వివరాలలో ఉల్లేఖనాల మధ్య తేడాలున్నాయి. ప్రసిద్ధమైన ఉల్లేఖనం ప్రకారం దొంగిలించినవాడు ఆ కవచాన్ని ఒక యూదుని ఇంట దాచి, నేరం అతనిమీదికి నెట్టాడు. అప్పుడు అతని తెగవారు ఏమి చేశారు? గుంపుగా దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి తమవాని తరఫున వాదించారు. వాడు ముస్లిం, మంచి కుటుంబంవాడు, ఆధారం లేకుండా నింద వేస్తున్నారని అన్నారు. వారి మాటలు నమ్మదగినట్లే ఉన్నాయి. అప్పుడు దైవవాణి అవతరించింది. నమ్మకద్రోహుల పక్షాన వాదించవద్దన్న ఆదేశం వచ్చింది. ఈ లోకంలో మీరు వారి తరఫున వాదించారు సరే, ప్రళయదినాన అల్లాహ్ ఎదుట వారి తరఫున ఎవరు వాదిస్తారన్న ప్రశ్న వచ్చింది. తన పాపాన్ని నిరపరాధిపై మోపేవాడు ఎంత భారాన్ని ఎత్తుకుంటున్నాడో హెచ్చరిక వచ్చింది. యూదుడు నిర్దోషిగా తేలాడు. మదీనాలో ముస్లింలకూ యూదులకూ మధ్య పొరపొచ్చాలున్న కాలమది. మనవాడు దొంగ, పరాయివాడు నిర్దోషి అని ప్రకటిస్తే సమాజం పరువేమవుతుందని ఆ తెగవారికి భయమేసింది. ఆ పరువు కన్నా ఒక పరాయివాని నిర్దోషిత్వం బరువైనదని ఖుర్‌ఆన్ తేల్చింది.

నేటి పార్టీ అధికార ప్రతినిధులు టెలివిజన్ చర్చలలో చేసే పని బనూ ఉబైరిక్ బంధువులు చేసిన పనియే. తేడా ఒక్కటే: నాటివారు తమవాడు నిర్దోషి అన్నారు, నేటివారు అంత శ్రమ కూడా పడరు. మీవాడు చేయలేదా అని ఎదురడిగి ఊరుకుంటారు.

మన రెండు తెలుగు రాష్ట్రాలలో ఇది అద్దంలో బొమ్మలా కనిపిస్తుంది. 2014లో తెలంగాణలో తెలుగుదేశం పార్టీకి 15 మంది శాసనసభ్యులు గెలిచారు. వారిలో అత్యధికులు తెలంగాణ రాష్ట్ర సమితిలోకి వెళ్లారు. ఒకరు ఆ ఏడాది డిసెంబరులోనే మంత్రి అయ్యారు. ఇది ప్రజాస్వామ్యాన్ని ఖూనీ చేయడమని తెలుగుదేశం మొరపెట్టుకున్నది. అదే కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో అదే పార్టీ వైఎస్సార్ కాంగ్రెస్ నుండి 23 మందిని చేర్చుకున్నది. 2017 ఏప్రిల్‌లో వారిలో నలుగురికి మంత్రిపదవులిచ్చింది. కృష్ణకు ఇవతల ఖూనీ అయినది, అవతల అభివృద్ధిని చూసి చేరడమయింది. 2019లో అధికారానికి వచ్చిన వైఎస్సార్ కాంగ్రెస్ అధినేత, తమవైపు రాదలచినవారు ముందు రాజీనామా చేయాలని సభలోనే చెప్పారు. తరువాత నలుగురు తెలుగుదేశం సభ్యులు రాజీనామా చేయకుండానే ఆ పార్టీ పక్కన చేరారు. వారిపై అనర్హత వేటు 2024 ఫిబ్రవరిలో పడింది, సభ కాలం తీరబోయే వేళకు. తెలంగాణలో 2019 జూన్‌లో 12 మంది కాంగ్రెస్ సభ్యులు అధికారపక్షంలో విలీనమైనప్పుడు కాంగ్రెస్ గగ్గోలు పెట్టింది. 2024లో భారత రాష్ట్ర సమితి నుండి పదిమంది కాంగ్రెస్ వైపు వచ్చినప్పుడు గగ్గోలు పెట్టేవంతు ఆ పక్షానిదయింది. ఆ పదిమంది విషయం మూడు నెలల్లో తేల్చమని స్పీకర్‌కు సుప్రీంకోర్టు 2025 జూలై 31న చెప్పవలసి వచ్చింది. వీటిలో డబ్బు చేతులు మారిందని నేననను. అది రుజువు చేయవలసిన విషయం. ఒక పార్టీ పేరు చెప్పి ప్రజలనుండి తీసుకున్న అమానత్‌ను మరొకరి వాకిట పెట్టడం మాత్రం అందరి కళ్లెదుట జరిగింది.

ఇంతవరకు చదివిన పాఠకులు పార్టీలను తిట్టుకుని సంతృప్తి పడవచ్చు. ఇక మన ఇంటి సంగతికి వద్దాము.

శిక్షపడిన చట్టసభ సభ్యులు అప్పీలు పేరుతో పదవిలో కొనసాగే వెసులుబాటును 2013 జూలై 10న సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆ తీర్పు తరువాత మొట్టమొదట పార్లమెంటు సభ్యత్వం కోల్పోయినది కాంగ్రెస్ రాజ్యసభ సభ్యుడు రషీద్ మసూద్. 1990 ప్రాంతంలో కేంద్ర ఆరోగ్యశాఖ సహాయమంత్రిగా ఉన్నప్పుడు, త్రిపురకు కేటాయించిన ఎంబీబీఎస్ సీట్లకు అనర్హులను ఎంపిక చేసిన కేసులో ఆయనకు నాలుగు సంవత్సరాల జైలుశిక్ష పడింది. ఆ రోజులలో, ముస్లిం కాబట్టే ముందు ఆయన్ని పట్టుకున్నారని మనవారిలో కొందరు అనడం నేను విన్నాను. ఆ నెలలోనే లాలూ ప్రసాద్ కూడా సభ్యత్వం పోగొట్టుకున్నారు. ఆ మాట చెప్పినా వినేవారు తక్కువ. ఆ సీట్లు ఎవరివి? త్రిపురలో రాత్రింబవళ్లు చదివి, అర్హత సంపాదించి, పేరు జాబితాలో లేక తిరిగి ఇంటికి వెళ్లిన పిల్లలవి. ఆ పిల్లల తరఫున మనలో ఒక్కరూ మాట్లాడలేదు. మంత్రి పేరు మనది, పిల్లల పేర్లు మనకు తెలియవు.

ముస్లిం అన్న పేరు కారణంగా అన్యాయంగా కేసులలో ఇరుక్కున్నవారు ఈ దేశంలో ఉన్నారు. అది నిజం గనుకనే, నిజంగా తప్పుచేసినవానిని ఆ జాబితాలో చేర్చడం ఆ నిరపరాధులకు చేసే ద్రోహం. వక్ఫ్ భూముల విషయంలోనూ ఇంతే. ఆక్రమించినది ప్రభుత్వమో, పరాయివారో అయితే ఊరేగింపు తీస్తాము. ఆక్రమణకు సంతకం పెట్టినది మన ముతవల్లీయో, మన పార్టీ నాయకుడో అయితే, ఇంటి గుట్టు బయట పెట్టుకోవడమెందుకని సర్దుకుంటాము. అనాథలకు, వితంతువులకు చెందవలసిన అద్దె ఎటు పోయినా పోయినట్టే గదా!

ఇక ఓటు. ముఫ్తీ ముహమ్మద్ షఫీ గారు తమ తఫ్సీర్‌లో ఓటును మూడు విధాలుగా వివరించారు: అది ఒక సాక్ష్యం, ఒక సిఫారసు, ఒక ప్రాతినిధ్యపు అప్పగింత. అభ్యర్థి ఆ పనికి తగినవాడని మనం సాక్ష్యమిస్తున్నాము. డబ్బు తీసుకుని ఇచ్చే సాక్ష్యాన్ని ఏమంటారో చెప్పనక్కరలేదు. లంచం ఇచ్చేవానినీ, తీసుకునేవానినీ దైవప్రవక్త (స) శపించిన హదీసు అబూ దావూద్‌లో, తిర్మిజీలో ఉంది. దేశ చట్టం కూడా ఇద్దరినీ నేరస్థులనే అంటుంది.

ఎన్నికల సమయంలో యువకులు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. రెండు పార్టీలవారూ ఇంటికి వచ్చి కవరు ఇస్తున్నారు, ఇద్దరి దగ్గరా తీసుకుని ఓటు మాత్రం మంచివానికే వేస్తే తప్పేమిటి, వాళ్లదీ మన డబ్బే గదా అని. ఈ ప్రశ్న పార్లమెంటు దాకా వెళ్లి వచ్చిందని వారికి తెలియదు. 1993లో పి.వి. నరసింహారావు ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానం వీగిపోయిన తరువాత, కొందరు సభ్యులు డబ్బు తీసుకుని ప్రభుత్వానికి ఓటు వేశారన్న కేసు నడిచింది. లంచం తీసుకుని ఓటువేసిన సభ్యునికి రాజ్యాంగ రక్షణ ఉంటుందని 1998లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ఆధిక్యంతో చెప్పింది. ఇంకా వింత, తీసుకుని ఓటు వేయనివానికి ఆ రక్షణ లేదన్నది. ఆ తీర్పు ఇరవై అయిదేళ్లు నిలిచింది. తరువాత, 2012లో జార్ఖండ్ రాజ్యసభ ఎన్నికలలో ఒక అభ్యర్థి నుండి లంచం పుచ్చుకున్నారన్న కేసులో శాసనసభ్యురాలు సీతా సోరెన్ అదే రక్షణ కోరారు. ఆమె ఓటు వేసినది డబ్బు ఇచ్చాడన్న అభ్యర్థికి కాదు, తన సొంత పార్టీ అభ్యర్థికి. మన యువకులు అడిగే ప్రశ్న ఇదే గదా! 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా పాత తీర్పును కొట్టివేసింది. లంచం తీసుకున్న క్షణానే నేరం పూర్తయింది; ఆ తరువాత ఓటు ఎవరికి వేశారన్నది అప్రస్తుతమని చెప్పింది.

ఫిఖహ్ గ్రంథాలు చెప్పేదీ అంతే. లంచం సొమ్ముపై తీసుకున్నవానికి యాజమాన్యం కలుగదు. అది ఇచ్చినవానికే తిరిగి చేర్చాలి; అతడు దొరకనప్పుడు పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చివేయాలి. కవరు ఇంట్లోకి వచ్చాక ఏమి చేయాలని ఇల్లాళ్లు కూడా అడుగుతుంటారు గనుక చెబుతున్నాను: ఇచ్చి వెళ్లిన మనిషి సాధారణంగా మన వీధివాడే, దొరకకపోవడమంటూ ఉండదు.